ఆరు ఫ్యాన్లు, ఒక బెల్టు

కృత్తిక కార్తె, 4వ రోజు

పన్నెండో నంబరు బస్సు పుస్తకం ఈ రోజు తెరిచాను. రాస్తున్నది కుళ్ళాయమ్మ, కదిరి షెడ్డు పెద్ద మేస్త్రి. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నా చేతి కింద నుంచి పోయిన బండ్లు నూట నలభై. వాటిలో ఒక్కదాని పుస్తకంలో కూడా నా పేరు ఎర్ర సిరాలో లేదు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

కొత్తగా చేరేవాళ్లు ఈ పుస్తకాలు చదువుతారు గనక రూలు రాసి పెడుతున్నా. బండి మీద చెయ్యి వేసినవాళ్లు చేసిన పని సొంత చేత్తో నీలి సిరాలో రాయాలి. తప్పు జరిగితే, చేసినవాళ్లే ఎర్ర సిరాలో రాసి కింద పేరు పెట్టాలి. ఒకరి తప్పు ఇంకొకరు రాయకూడదు. షెడ్డు మనిషి ఎర్ర సిరా రాస్తే గేటు దగ్గరి తెల్లపలక మీద ఆమె పేరు చెరిపేస్తారు. బయటి మనిషి రాస్తే ఏడాది పాటు గేటు దాటి లోపలికి రాకూడదు. తెల్లపలక మీద ఇప్పుడు మిగిలింది ఒక్క పేరు. ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఇక బస్సు సంగతి. ఒకప్పుడు టౌన్లో జనాన్ని మోసిన బండి. ముందు ఇంజను, ముందే రేడియేటరు. సీట్లు పీకేసి నాలుగు మంచాలు, రక్తం కడిగే మిషన్లు నాలుగు బిగించాం. పైన టాపు నిండా సోలారు పలకలు. డీజిలు పోయి కానుగ నూనె వచ్చింది. ఇది ఏడుమలుపుల కనుమ ఎక్కి మిట్టపేట చేరాలి. అక్కడ కిడ్నీలు పోయినవాళ్లు నలుగురున్నారు. పోయిన వేసవికి ముందు ఏడుగురు ఉండేవాళ్లు. ఎద్దుబండి మీద రెండు రాత్రులు దిగి ఆసుపత్రికి రావాలి, మళ్ళీ రెండు రాత్రులు ఎక్కాలి. పది రోజులకొక్కసారి రావడమే గగనం. వాళ్లకు కావలసింది వారానికి రెండు సార్లు.

ఆ నలుగురిలో ఒకరు పెన్నోబులేసు మామ. నాకు స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి.

కృత్తిక కార్తె, 7వ రోజు

నగర సభ మూడు ఎండ చీటీలు ఇచ్చింది. పగలు తొమ్మిది సైరను మోగాక రోడ్డు మీద బండి తిప్పాలంటే చీటీ ఉండాలి. రాత్రి పోదామంటే కనుమ రోడ్డు సగం జారిపోయి ఒక్క బండి పట్టేంతే మిగిలింది, దాని మీద రాత్రంతా ఎద్దుబండ్ల వరస. కాబట్టి పగలే ఎక్కాలి. ముప్ఫై ఏళ్లుగా ఈ షెడ్డులో ఏ బండీ పగలు కదల్లేదు. పరీక్షలన్నీ నీడలో నిలబెట్టి చేసేవే.

మూడు చీటీల్లో బస్సు నిలబడకపోతే ఇంజను ఊడదీసి బోరు పంపుకు బిగిస్తారట. సభలో ఆ మాట చెప్పినాయన నా మొహం వైపు చూడలేదు. మంచి పని చేశాడు.

కృత్తిక కార్తె, 8వ రోజు

ఈ రోజంతా ఇమాంబీతో వాదన. ఇమాంబీ మా షెడ్డు మనిషి కాదు, నీడశాలల కరెంటు మేస్త్రి. ఊళ్లో జనం పగలు తలదాచుకునే పదకొండు నీడశాలల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే ఆమె పుణ్యమే. మిషన్ల వైరింగు కోసం వచ్చింది. వచ్చినామె ఊరుకోక రేడియేటరు సంగతిలో తల దూర్చింది.

"అక్కా, ఈ బెల్టు ఫ్యాను తీసేయి. నా దగ్గర కరెంటు ఫ్యాన్లు ఆరుండాయి, పడగొట్టిన నీడశాలవి. వరసగా బిగిస్తా."

"ఇంజనుతో పుట్టిన ఫ్యాను అది. ఇంజను తిరిగినంత సేపు తిరుగుతాది. దానికి స్విచ్చి ల్యా, ఫ్యూజు ల్యా, అలగడం ల్యా."

"తిరుగుతాది సరే. ఊరికే తిరుగుతాదా? ఇంజను బలంలో పదో వంతు అదే తింటాది. కానుగ నూనెతో ఇంజనుకుండే బలమే తక్కువ."

"నీ ఆరు ఫ్యాన్లు గాలి భోంచేసి తిరుగుతాయా? తొంభై ఆంపియర్లు లాగుతాయి. మిషన్లకూ వాటికీ బ్యాటరీలు ఒకటే. కొండెక్కేసరికి బ్యాటరీ దిగిపోతే ఓబులేసు మామ రక్తం నువ్వు చేత్తో కడుగుతావా?"

ఆమె మాటా నిజమే, నా మాటా నిజమే. కానీ పెద్ద మేస్త్రిని నేను. బెల్టు అని నీలి సిరాలో రాసేశాను.

రోహిణి కార్తె, 1వ రోజు

బెల్టు తయారైంది. కొత్త రబ్బరు బెల్టు ముఖం చూసి ఎన్నేళ్లయిందో. మూతపడిన గనిలో రాళ్లు మోసిన పెద్ద బెల్టు ముక్క ఒకటి తెచ్చి, నాలుగు వేళ్ల వెడల్పున కోసి, అంచులు అరగదీసి, రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, మైనం పట్టించిన నూలుదారంతో మూడు వరసలు కుట్టాను. ఏడు రోజుల పని. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. ఇమాంబీ రెండుసార్లు తడిమింది.

"నిజం చెప్తాండా అక్కా, ఇట్లాంటి పని నేను చూళ్ళేదు," అంది.

చూడదు మరి. చేసేవాళ్లు ఇంకెవరున్నారు?

రోహిణి కార్తె, 3వ రోజు. మొదటి చీటీ

ఉదయం ఆరింటికి బయలుదేరాం. నేను డ్రైవింగు, ఇమాంబీ పక్కన మీటర్ల ముందు. తడి దుప్పట్లు కప్పుకొని కూచున్నాం. రేడియేటరు సూది సగం దగ్గర మేకు కొట్టినట్టు ఆగింది. కనుమ మొత్తం మీద ఒక్క చుక్క నీళ్లు పొంగలేదు. నా బెల్టు పాట పాడింది.

అయితే రెండో గేరు నిలబడలేదు. వేసిన ప్రతిసారీ ఇంజను రొప్పి ఆగబోయింది. ఎక్కినంత దూరం మొదటి గేరులోనే పాకాం. పైకి చేరాక ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే, నెలకిచ్చే నూనెలో నాలుగో వంతు అయిపోయింది. అంటే వారానికి ఒక్కసారి ఎక్కగలం. వాళ్లకు కావలసింది రెండు సార్లు.

ఇమాంబీ లెక్క రెండుసార్లు వేసింది. నేను మూడోసారి వేశాను. మారలేదు.

మిషన్లు నడపడానికి నర్సు ఫిలోమినాను ఈ పరీక్షకు తీసుకురాలేదు. ఊరికే ఎక్కి ఊరికే దిగడం. ఓబులేసు మామ ఇంటి ముందు పందిరి కింద మంచంలో ఉన్నాడు. పాదాలు వాచి దిమ్మల్లా ఉన్నాయి. మంచం పక్క గుంజకు ఆయన డ్రైవరు బూట్లు వేలాడుతున్నాయి. ఐదు నెలలుగా కాలికి పట్టడం లేదట. అయినా వారం వారం నూనె రాస్తాడు.

"పాపా, ఫస్టు గేరులో వచ్చినావు," అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "ఏడో మలుపు కాణ్ణుంచి విన్నా."

"బండి కాగలేదు మామా."

"కాగకుండా ఉండాలంటే షెడ్డులోనే పెట్టుకోని ఉండొచ్చు గదా."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన పాదాల వంకే చూస్తుండిపోయాను, నాకు ఏడుపొచ్చింది. దుప్పటి తడిది గనక ఎవరికీ తెలియలేదు.

రోహిణి కార్తె, 4వ రోజు

బెల్టు ఫ్యాను విప్పేశాను. నా చేత్తోనే విప్పాను. ఇమాంబీ ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టబోతే "స్పానరు అందుకో" అన్నాను.

రోహిణి కార్తె, 6వ రోజు

ఆరు ఫ్యాన్లూ రేడియేటరు వెనక మూడేసి రెండు వరసలుగా కూచున్నాయి. చట్రం నాది, వైరింగు ఇమాంబీది. సాయంత్రం షెడ్డు ముంగిట్లోకి దించి, ఇంజను ఆన్ చేసి గంట సేపు నిలబెట్టాం. నలభై ఏడు డిగ్రీల ఎండ. సూది కదల్లేదు. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, రెండంటే రెండు.

కింద ఇమాంబీ రాత ఉంది: "ఫ్యాన్లు ఆరు. ఫ్యూజులు ఆరు. గాలి దిక్కు బయటికి. ఇమాంబీ."

రోహిణి కార్తె, 8వ రోజు. రెండో చీటీ

రెండో గేరులో ఎక్కింది. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నా. మొదటి మలుపు నుంచి మూడో మలుపు దాకా రెండో గేరు, సూది సగంలో. ఇమాంబీ కిటికీలోంచి తల బయటపెట్టి ఎవరూ లేని రోడ్డుకు సలాం కొట్టింది.

మూడో మలుపు దాటాక రెండు కిలోమీటర్లు చదును రోడ్డు. మూడో గేరు వేసి నలభైలో వదిలాను. సూది లేచింది. చూస్తుండగానే ఎర్రగీత దాటింది, మూత కింద నుంచి ఆవిరి. ఆపాం. ఆపిన పావుగంటలో చల్లబడింది. మళ్ళీ ఎక్కుడులో నెమ్మదిగా పోతే బాగుంది. ఏడో మలుపు దాటాక మిట్టపేట దాకా నాలుగు కిలోమీటర్ల చదును, అక్కడ మళ్ళీ పొంగింది, రెండుసార్లు. కొండెక్కితే చల్లగా ఉండి, చదునులో కాగే బండిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

పైగా బ్యాటరీలు సగానికి దిగాయి.

"చెప్తి గదా," అన్నాను.

ఇమాంబీ మీటర్ల అంకెలు రాసుకుంది. నాకు ఆ క్షణం సంతోషంగానే ఉంది. ఇదీ రాస్తున్నాను, దీనికి ఏ సిరా వాడాలో రూల్లో లేదు.

మిట్టపేటలో బస్సును ఓబులేసు మామ పందిరికి ఎదురుగా ఆపాను. ఇంజను ఆడుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బస్సు ముందున్న ఎండుగడ్డి లేచి పోయి మామ మంచం మీద పడింది. ఆయన మొహం మీది గడ్డిపరక తీసి చూశాడు. బస్సు మూతి చూశాడు. మళ్ళీ గడ్డిపరక చూశాడు.

"ఏం పాపా, నీ బండి నా మొగం మీదికి ఊపిరి ఇడుస్తాంది?"

"ఏడి గాలి బయటికి పోవాల గదా మామా."

"యాణ్ణుంచి? మూతి నుంచా? బండి మూతితో పీల్చి ఎనక్కి ఇడవాల. ఆపిన బండి ముందుండే ఇనప జాలికి గడ్డి అతుక్కోవాల. నీకు మొదటి దినం చెప్పలే? ఆపినప్పుడల్లా జాలి చూడు, జాలికి చెత్త పట్టుంటే ఫ్యాను బతికుందని లెక్క." దగ్గి మళ్ళీ అందుకున్నాడు. "ఇది నిలబడితే బాగనే ఉంటాది. ఉరికితే ఎదురుగాలి లోపలికి తోస్తాది, ఫ్యాను బయటికి తోస్తాది. నడిమధ్యన గాలి యాటికీ పోక నిలబడిపోతాది. అందుకే కాగింది."

నేను స్టీరింగు వదిలి కిందికి దిగి, జాలి ముందు చెయ్యి పెట్టాను. వేడిగాలి అరచేతిని నెట్టింది.

రోహిణి కార్తె, 9వ రోజు

ఉదయం ఇమాంబీ నాకంటే ముందే షెడ్డుకు వచ్చి ఉంది. పుస్తకం తెరిచి, ఎర్ర సిరా సీసా మూత తీసి పెట్టుకుంది.

"నా రాతే ఉండాది గదక్కా. గాలి దిక్కు బయటికి అని. నీడశాల అలవాటు. ఇరవై ఏండ్లుగా ఏడిని బయటికి తోసేదే నా పని. నేను రాస్తా."

"రాస్తే ఏడాది గేటు బయట ఉంటావు. ఇంకో చీటీ ఒక్కటే ఉంది."

"వైర్లు మార్చేది నీకు చూపిస్తా. ఒక్కో ఫ్యానుకు రెండు వైర్లు అటుదిటు చేస్తే చాలు."

ఆమె కలం ముంచింది. నేను ఊరికే నిలబడ్డాను. నిలబడ్డానని కూడా రాయాలి. గేటు దగ్గర తెల్లపలక కనిపిస్తోంది. దాని మీద ఒక్క పేరు. నోరు మూసుకుంటే ఆ పేరు అక్కడే ఉంటుంది. పుస్తకంలో ఉన్నది ఇమాంబీ అక్షరాలు. అసలు మాట విన్నది మేమిద్దరమే.

విన్నది ఇది. ఆరో రోజున నేను బస్సు కింద పడుకొని చట్రం బోల్టులు బిగిస్తున్నా. ఇమాంబీ పైనుంచి "అక్కా, గాలి ఎటు?" అని అడిగింది. ఆమెకు బండ్లు తెలియవు, అందుకే అడిగింది. అడగాల్సిన మనిషినే అడిగింది. నాకు నా బెల్టు విప్పిన కోపం ఇంకా పోలేదు. బెల్టు ఫ్యానుకు దిక్కు అడగాల్సిన పనే ఉండదు, ఇంజను తిప్పినట్టు తిరుగుతుంది. అందుకే ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నేను ఎప్పుడూ వేసుకోలేదు. "బయటికి! ఇంకెటు? ఏడి లోపల పెట్టుకుంటామా?" అని అరిచాను. నీడశాలలో బతికే మనిషి ఎవరైనా ఆ మాటే అంటుంది. పెద్ద మేస్త్రి అనకూడదు.

ఇమాంబీ ఆ మాట నాకు గుర్తు చేయలేదు. నిన్న దారి పొడవునా చేయలేదు, ఈ రోజూ చేయలేదు. నేను "చెప్తి గదా" అన్నప్పుడు కూడా.

ఆమె చేతిలోంచి కలం లాక్కున్నాను. కింద ఉన్నది ఎర్ర సిరాలో నా రాత.

రోహిణి ఆరో రోజున పన్నెండో నంబరు బస్సు ఫ్యాన్లకు గాలి దిక్కు తప్పుగా చెప్పింది నేను. ఇమాంబీ నేను చెప్పినట్టు చేసింది. అడిగినప్పుడు లేచి వచ్చి చూడకుండా, కోపంలో అరిచి చెప్పాను. బండి ఉరికినప్పుడు ఎదురుగాలి వస్తుందని ఆలోచించలేదు. రెండో చీటీ నా వల్ల పోయింది. కుళ్ళాయమ్మ, పెద్ద మేస్త్రి.

అక్షరాలు పెద్దవిగా రాశాను. రాసేదేదో కనిపించేట్టు రాయాలి.

తర్వాత గేటు దగ్గరికి పోయి తెల్లపలక మీద నా పేరు నేనే తుడిచాను. తడిగుడ్డతో రెండుసార్లు రుద్దితే పోయింది. ఇప్పుడు పలక ఖాళీగా ఉంది. షెడ్డులో అందరూ నన్నే చూశారు. చూడనీ అని తల ఎత్తుకొనే లోపలికి వచ్చాను.

రోహిణి కార్తె, 10వ రోజు

గాలి లోపలికి. ఆరు ఫ్యాన్లకూ వైర్లు మారాయి. జాలి ముందు ఒక కాగితం ముక్క పట్టుకుంటే చప్పున అతుక్కుంది. ఇమాంబీ ఆ కాగితాన్ని తీసి మడిచి జాకెట్లో దాచుకుంది, ఎందుకో చెప్పలేదు.

ఇక బ్యాటరీ సమస్య. ఇమాంబీ లారీ డైనమో ఒకటి తెచ్చింది. ఉన్నదానికి తోడు ఇదీ తిరిగితే ఫ్యాన్లు తినేది అదే పెడుతుంది. అయితే దాన్ని తిప్పాలంటే బెల్టు కావాలి. రెండు వేళ్ల వెడల్పుది.

ఇద్దరం ఒకేసారి గోడకు వేలాడుతున్న నా బెల్టు వైపు చూశాం.

"వద్దులేక్కా, ఇంకేదన్నా చూద్దాం," అంది ఇమాంబీ.

ఏడు రోజుల పనిని పొడవునా రెండుగా చీల్చడానికి గంట పట్టింది. కొత్త అంచు అరగదీసి, పుల్లీల మధ్య కొలతకు తగ్గించి, మళ్ళీ కుట్టాను. ఒక సగం డైనమోకు, ఇంకో సగం స్పేరుకు. అతుకు ఈసారి కూడా వేలికి తగలదు.

"ఫ్యాన్లు మొత్తం సేపు తిప్పొద్దు," అన్నాను. "ఎక్కుడులో తిప్పు. చదునులో ఆపెయ్. ఉరికే బండికి ఎదురుగాలే ఫ్యాను. ఆపొచ్చన్నదే గదా నీ ఫ్యాన్లలో ఉండే గొప్ప."

"నా ఫ్యాన్ల గొప్ప నీ నోటి నుంచి విన్నా. ఇంక సచ్చిపోయినా ఫర్వాలేదు."

"చీటీ అయ్యేదాకా ఆగు."

రోహిణి కార్తె, 12వ రోజు. మూడో చీటీ

ఈసారి నర్సు ఫిలోమినా వచ్చింది. మిషన్లకు నీళ్లు, మందు అన్నీ ఎక్కించాం. ఈ చీటీలో పరీక్షా అదే, పనీ అదే.

ఆరింటికి బయలుదేరి ఏడు మలుపులూ రెండో గేరులో. చదును రాగానే ఇమాంబీ స్విచ్చి ఆపింది. నలభైలో వదిలాను. సూది కొంచెం కిందికే దిగింది. ఎక్కుడు రాగానే స్విచ్చి వేసింది. నేను గేరు మార్చినప్పుడల్లా ఆమె చెయ్యి స్విచ్చి మీద ఉండేది. ఎనిమిది కాకముందే మిట్టపేట. ఒక్కసారి కూడా ఆగలేదు. నూనె మొదటిసారి కంటే సగమే అయింది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి.

ఇంజను ఆపకుండా దిగి జాలి చూశాను. గడ్డిపరకలు, రెండు చింతాకులు, ఒక సీతాకోకచిలుక రెక్క అతుక్కొని ఉన్నాయి. ఇంత అందమైన చెత్త నేను చూడలేదు.

నలుగురూ నాలుగు గంటలూ మిషన్ల మీద ఉన్నారు. పూర్తిగా నాలుగు గంటలు. ఓబులేసు మామ మంచం మీద పడుకొని ఈ పుస్తకం కావాలన్నాడు. వద్దన్నా వినలేదు. ఎర్ర సిరా పేజీ దగ్గర ఆగాడు. పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు.

"ఇదే మొదటిదా పాపా?"

"మొదటిదే."

"నావి పదకొండు. తెల్లపలక మీద నా పేరు మూడు నెల్లే ఉండె." పుస్తకం గుండె మీద పెట్టుకున్నాడు. "ఇరవై ఆరేండ్లు నీకు తప్పు పడలేదని అందరూ చెప్తాంటే నాకు భయమేసేది. తప్పే చేయని మనిషి దగ్గర బండి నేర్చుకోవాలంటే ఎవరికి ధైర్యముంటాది?"

డైనమో బెల్టు చూసి వస్తానని దిగిపోయాను. బెల్టు బాగానే ఉంది.

మృగశిర కార్తె, 9వ రోజు

సభ చీటీలు ఎత్తేసి, పన్నెండో నంబరుకు శాశ్వత ఎండ పాసు ఇచ్చింది. వారానికి రెండు సార్లు తప్పకుండా పోతున్నాం. ఈ రోజు నాలుగో సర్వీసు. తెల్లపలకను ఇమాంబీ ఊడదీయించి, దాని మీద "ఆపినప్పుడల్లా జాలి చూడు" అని రాయించి బస్సు తలుపు లోపల బిగించింది. ఎవరినీ అడగలేదు. షెడ్డు మనిషి కాకపోయినా ఈమధ్య షెడ్డు తనదే అనుకుంటోంది.

మిట్టపేటలో బస్సు ఆగేసరికి పందిరి కింద మంచం ఖాళీగా ఉంది. గుంజకు బూట్లు లేవు. హ్యాండు బ్రేకు వేయడం కూడా మరిచి దిగాను.

ఓబులేసు మామ ఇంటి పక్కనుంచి గోడ పట్టుకొని నడిచి వస్తున్నాడు. కాళ్లకు బూట్లు. ఆరు నెలల నూనెకు అద్దంలా మెరుస్తున్నాయి. దారాలు కట్టలేదు, కానీ పట్టాయి.

"బ్రేకు వేయలేదు పాపా," అన్నాడు. "బండి ఎనక్కి పోతాంది."

పరిగెత్తి పోయి వేశాను. ఇది కూడా తప్పే గనక ఎర్ర సిరాలోనే రాయాలి. రాస్తున్నాను, సంతోషంగా.

మృగశిర తొమ్మిదో రోజున మిట్టపేటలో బ్రేకు వేయకుండా దిగాను. బస్సు రెండు అడుగులు వెనక్కి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కారణం: పెన్నోబులేసు మామకు బూట్లు పట్టాయో లేదో చూడటానికి. పట్టాయి. కుళ్ళాయమ్మ, పెద్ద మేస్త్రి.